కొంచెం అడ్జస్ట్ అవ్వు వదినా

అనగనగా ఒక అడవి. అడవి అనగానే సింహం, సింహాసనం, పక్కన మంత్రిగారు అనుకునేరు. అలాంటివేం అక్కడ లేవు. ఉన్నవాళ్ళంతా మనలాంటి వాళ్ళే. ఆకలేస్తే తినడం, తిన్నాక నిద్రపోవడం, మధ్యలో పక్కింటివాళ్ళ గురించి చెప్పుకోవడం.

ఆ అడవిలో ఒక గుట్ట ఉంది. గుట్ట వాలులో ఒక బొరియ ఉంది. అందులో పుల్లమ్మ అనే ముళ్ళపంది ఇద్దరు పిల్లలతో కాపరం ఉండేది. పెద్దవాడి పేరు గోగు. చిన్నదాని పేరు పింజ. మొగుడేడీ అంటారేమో. దుంపల కోసం వాగు అవతలికి వెళ్ళాడు, వాగు పొంగింది, అక్కడే ఉండిపోయాడు. ఈ కథలో ఆయనకి పనేం లేదు, వదిలెయ్యండి.

ఆ బొరియ మాత్రం ఎవరికైనా కన్ను కుట్టేలా ఉండేది. ముందు గుమ్మం. గుమ్మం దాటితే ఒక్కరు మాత్రమే పట్టే ఇరుకు నడవ. నడవ చివర లోపలి గది. గది వెనక, ఆపదొస్తే పారిపోవడానికి, దొడ్డిదారి ఒకటి. బయట ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసినా లోపలి గదిలో చుక్క పడేది కాదు. అంత గట్టి మొరం నేలని మొగుడూ పెళ్ళాం గోళ్ళు అరిగేలా తవ్వుకున్నారు.

పుల్లమ్మ మంచిది. అందులో అబద్ధం లేదు. కాకపోతే తను మంచిదని పదిమంది అనుకోవాలని ఆవిడకి మహా సరదా. "పుల్లమ్మా, నీలాంటిది అడవిలో లేదు" అని ఎవరైనా అంటే చాలు, ఆ పూట అన్నం తినకపోయినా ఆవిడ కడుపు నిండిపోయేది. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇప్పుడు మీకొక పద్ధతి చెప్పాలి. కాస్త ఆ అల్లరి ఆపి వినండి. ఆ అడవిలో ముసురు పట్టిందంటే అంత తేలిగ్గా వదలదు. పల్లంలో ఉన్న ఇళ్ళన్నీ నీళ్ళపాలవుతాయి. అందుకని పెద్దలు ముసురు మర్యాద అని ఒకటి పెట్టుకున్నారు. తడిసినవాడు ఎవడొచ్చినా గుట్ట మీది ఇళ్ళవాళ్ళు కాదనకూడదు. వచ్చినవాడు మాత్రం గుమ్మం బయట నిలబడి పిలవాలి. నోట ఏదో ఒకటి పట్టుకురావాలి, ఎండిపోయిన కాయైనా ఫరవాలేదు. ఇంటావిడ ఎక్కడ చోటు చూపిస్తే అక్కడే పడుకోవాలి. ఎండ రాగానే వెళ్ళిపోవాలి. ఆఖరికి చిరుతపులి కూడా ముసురు వెళ్ళేదాకా గుట్ట మీదకి వేటకి వచ్చేది కాదు. అటువాళ్ళు కొంచెం తగ్గేవాళ్ళు, ఇటువాళ్ళు కొంచెం తగ్గేవాళ్ళు. అలా నెట్టుకొచ్చారు.

ఇక జంబులింగం సంగతి. వాడొక గుంటనక్క. కష్టపడి తవ్వుకున్న ఇల్లు వాడికి ఏనాడూ లేదు. ఎవరో వదిలేసిన కన్నంలో దూరేవాడు. అది కూలిపోతే ఇంకో కన్నం వెతుక్కునేవాడు. ఒంటికి పని చెప్పింది లేదు గానీ నోటికి మాత్రం క్షణం తీరిక ఉండేది కాదు.

ఆ ఏడు వానలకి ముందు అడవి పక్క రోడ్డు మీద ఒక బస్సు పంచరై ఆగింది. జనమంతా దిగి చెట్ల కింద కూర్చున్నారు. బస్సులోంచి ఎండుచేపల వాసన గుప్పున కొట్టింది. జంబులింగం ఆగలేకపోయాడు. వెనక తలుపులోంచి ఎక్కి, చివరి సీటు కింద ఉన్న తట్ట దగ్గర చేరాడు. వాడు రుచి చూస్తూ ఉండగానే టైరు మార్చేశారు, జనం ఎక్కేశారు, బస్సు బయల్దేరింది. ఇక దిగే దారి లేదు. తట్ట వెనక ముడుచుకుని కూర్చున్నాడు.

ఆ సీటు కింద నుంచి వాడు లోకాన్ని చూశాడు. ముగ్గురు కూర్చున్న సీటు దగ్గరికి ఒక లావుపాటి ఆయన వచ్చి, "కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అన్నాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి ముడుచుకుపోయారు. ఆయన హాయిగా కూర్చున్నాడు. తర్వాత ఒకావిడ కోళ్ళ గంపతో వచ్చి అదే మాట అంది. ఆవిడకీ చోటు దొరికింది, కోళ్ళకీ దొరికింది. కండక్టరు నిలబడ్డవాళ్ళందరినీ అదే మాటతో వెనక్కి తోశాడు. ఒక ముసలాయన మాత్రం వచ్చిన ప్రతివాళ్ళకీ జరిగి, జరిగి, చివరికి సీటు అంచు అయిపోయి లేచి నిలబడ్డాడు. ఆయన నోటి వెంట ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. అన్నవాళ్ళు కూర్చున్నారు, విన్నవాళ్ళు నిలబడ్డారు. జంబులింగానికి ఒళ్ళు పులకరించింది.

వాడు బుర్ర పెట్టి ఆలోచించాడు. ఇదే పని చెయ్యమని "జరగండి" అంటే ఎదుటివాడు మొహం చిట్లిస్తాడు. "సర్దుకోండి" అంటే, నేనెందుకు సర్దుకోవాలయ్యా అని నిలదీస్తాడు. ఈ ఇంగ్లీషు మాట అంటే మాత్రం ఎవడూ నోరెత్తడు. అర్థం అడిగితే మొద్దు అనుకుంటారని భయం. కాదంటే చెడ్డవాడు అనుకుంటారని ఇంకో భయం. అడిగినవాడి తప్పేం ఉండదు, ఇవ్వనివాడిదే తప్పంతా. ఇంతకన్నా మంచి మంత్రం ఇంకేం కావాలి అనుకున్నాడు. తిరుగు బస్సులో అడవికొచ్చేశాడు. ఇంటికి ఒక్క ఎండుచేప కూడా తేలేదు, ఆ మాట మాత్రం తెచ్చుకున్నాడు.

వానలు వచ్చాయి. ముసురు పట్టింది. జంబులింగం ఉంటున్న కన్నంలోకి నీళ్ళొచ్చాయి. వాడు తోక తడుపుకుంటూ గుట్టవైపు బయల్దేరాడు. దారిలో ఇద్దరు కలిశారు. ఒకడు పునుగుపిల్లి, పేరు సుగంధరావు. ఆ పేరు వాళ్ళ నాన్న పెట్టాడు, దగ్గరికెళ్ళి వాసన చూసినవాళ్ళు ఎవరూ ఒప్పుకోలేదు. రెండోవాడు పట్టాభి అనే ముసలి ఉడుము. మాట తక్కువ, పట్టు ఎక్కువ.

సుగంధరావు పద్ధతి ప్రకారం నోట ఒక ఈతకాయల గుత్తి పట్టుకున్నాడు. జంబులింగం అది చూసి నవ్వాడు. ఈ కాలంలో ఇవన్నీ ఎవరు చేస్తున్నారని అడిగాడు. పట్నంలో ఎవరింటికి ఎవరు వెళ్ళినా ఒక్క మాట చాలన్నాడు. మిగతాది తను చూసుకుంటానని చెప్పి ఆ గుత్తి దారిలోనే తినేశాడు. పట్టాభి ఏదో అనబోయాడు. వాన నోట్లో పడింది, ఊరుకున్నాడు.

గుమ్మం దగ్గర జంబులింగం ఆగలేదు, పిలవలేదు. నడవలోంచి నేరుగా లోపలి గదిలోకి వచ్చేశాడు. వచ్చీ రాగానే ఒళ్ళు విదిలించాడు. పుల్లమ్మ పరిచిన ఎండుటాకుల పరుపంతా తడిసిపోయింది. పిల్లలిద్దరూ ఉలిక్కిపడి లేచారు.

"కొంచెం అడ్జస్ట్ అవ్వు వదినా" అన్నాడు వాడు.

పుల్లమ్మకి ఆ మాట అర్థం కాలేదు. అడుగుదామా అనుకుంది. వెనక సుగంధరావు ఆ మాట పుట్టినప్పటినుంచీ తెలిసినట్టు తలూపుతున్నాడు. అందరికీ తెలిసిన మాట తనకే తెలియదని బయటపడితే ఎంత సిగ్గు అనుకుంది. పైగా ముందు 'కొంచెం' అన్నాడు కదా. ఆ 'కొంచెం' ఉందే, అది మహా గడుసుది. ముందు అదొక్కటే లోపలికొస్తుంది. దాని వెనక మిగతాదంతా వస్తుంది.

పుల్లమ్మ జరిగింది. పిల్లల్ని ఒక పక్కకి లాక్కుంది. గది మధ్యలో జంబులింగం కాళ్ళు చాపాడు. వాడి పక్కన సుగంధరావు. పట్టాభి గోడకి అతుక్కుని ఒక మూల సర్దుకున్నాడు.

"చూశారా, మా వదిన ఎంత మంచిదో. అడవి మొత్తంలో ఇంతలా అడ్జస్ట్ అయ్యేవాళ్ళు ఇంకొకళ్ళు లేరు" అన్నాడు జంబులింగం.

పుల్లమ్మకి లోపల చల్లగా అనిపించింది. తడిసిన పరుపు సంగతి మర్చిపోయింది. నిజం చెప్పాలంటే మర్చిపోలేదు, చెప్పడానికి మొహమాటపడింది.

ముసురు ఆగలేదు. ఇంట్లో దాచుకున్న దుంపలు అతిథులు తినేశారు. పిల్లలకి అడుగున ఉన్న వేళ్ళు పెట్టు, చిన్న పొట్టలే కదా, అడ్జస్ట్ అయిపోతారని జంబులింగమే సలహా ఇచ్చాడు. పుల్లమ్మ సరేనంది. తర్వాత గోగు, పింజ పొర్లి పొర్లి ఆడుకుంటుంటే సుగంధరావుకి నిద్ర చెడిపోయింది. పిల్లల్ని నడవలో పడుకోబెడితే అందరికీ సుఖం కదా అన్నాడు. నడవలోకి జల్లు కొడుతుందని పుల్లమ్మ నసిగింది. పిల్లలు పెరగాలంటే చలి, వాన తెలియాలి అని జంబులింగం ఒక పాఠం చెప్పాడు. వాడికి పిల్లలు లేరు. పిల్లల్ని ఎలా పెంచాలో ఎప్పుడూ అలాంటివాళ్ళకే బాగా తెలుస్తుంది.

అలా ఇంటిగలవాళ్ళు నడవలోకి, వచ్చినవాళ్ళు గదిలోకి మారిపోయారు. పుల్లమ్మ సగం నడవలో, సగం గదిలో పడుకునేది. తల పిల్లల దగ్గర, నడుము అతిథుల దగ్గర. అప్పుడు వచ్చింది ముళ్ళ గొడవ.

జంబులింగం నిద్రలో దొర్లుతుంటే ఒక ముల్లు వాడి పిర్రకి గుచ్చుకుంది. వాడు లేచి పుల్లమ్మతో చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇంట్లో మనవాళ్ళే ఉన్నప్పుడు ఆ ముళ్ళు అలా నిక్కబొడుచుకుని ఉండటం ఏం బావుంటుందని అడిగాడు. చూసేవాళ్ళు పుల్లమ్మ పొగరుబోతు అనుకోరా అన్నాడు. కాస్త ఒంటికి అణుచుకుని ఉంటే ఎంత ముద్దుగా ఉంటుందో అన్నాడు.

పొగరుబోతు అనే మాట వినగానే పుల్లమ్మ గుండె గుభేలుమంది. అప్పటినుంచి ముళ్ళన్నీ వీపుకి అదిమిపెట్టుకుని ఉండటం మొదలుపెట్టింది. అదేం తేలిక కాదు. మీరు పొద్దుట్నుంచీ పిడికిలి బిగించి కూర్చుని చూడండి, తెలుస్తుంది. వీపంతా లాగేది. మెడ పట్టేసేది. అయినా ఎవరైనా పలకరిస్తే నవ్వేది.

ఒకరోజు పింజ తల్లి చెవి దగ్గర చేరి అడిగింది. "అమ్మా, అడ్జస్ట్ అవ్వడం అంటే ఏంటి?"

"అంటే మంచిగా ఉండటం" అంది పుల్లమ్మ.

"మరి నక్క మామ ఎప్పుడు మంచిగా ఉంటాడు?"

పుల్లమ్మ నిద్రపొమ్మని కసిరింది. పిల్ల నిద్రపోయింది గానీ తల్లికి నిద్ర పట్టలేదు.

ఇంతలో బయట ఏం జరిగిందో వినండి. జంబులింగం వట్టి నోటితో గుట్ట ఎక్కి, పిలవకుండా లోపలికెళ్ళి, యజమానురాలి గదిలోనే పడుకున్నాడన్న కబురు అడవంతా పాకింది. పోనీ వాడికేమైనా అయిందా అంటే ఏమీ కాలేదు. దాంతో కాకులు పిచ్చుకల గూళ్ళ ముందు అదే మాట అనడం మొదలుపెట్టాయి. ఎలుకలు ఉడతల తొర్రల్లోకి అదే మాటతో దూరాయి. మాట మెల్లగా వాగు దాకా వెళ్ళింది. అక్కడ రాతి కింద చిరుతపులి పడుకుని ఉంది.

చిరుత ఆకలితో నకనకలాడుతోంది. వానలో వేట దొరకదు. గుట్ట మీదకి వెళ్ళకూడదు, ముసురు మర్యాద ఉంది. పద్ధతికి కట్టుబడి కడుపు మాడ్చుకుంటోంది పాపం. చిరుతైతేనేం, దానికీ ఒక మాట మీద నిలబడటం తెలుసు. కానీ నక్క కథ విన్నాక దానికి ఒళ్ళు మండింది. నక్కకి లేని మర్యాద నాకు మాత్రం ఎందుకు అనుకుంది. లేచి, ఒళ్ళు విరుచుకుని, గుట్ట ఎక్కింది.

మబ్బు కమ్మిన మధ్యాహ్నం. పుల్లమ్మ పిల్లల పక్కన కునుకు తీస్తోంది. గుమ్మం దగ్గర వెలుతురు పోయింది. కళ్ళు తెరిచి చూస్తే గుమ్మం నిండా చిరుత మొహం ఉంది. మీసాల చివర నీళ్ళు కారుతున్నాయి. గోగు, పింజ ఆ మొహానికి చాలా దగ్గరలో ఉన్నారు. లోపలి గదిలో ఉండాల్సిన పిల్లలు నడవలో ఉన్నారు కదా మరి.

పుల్లమ్మ ఒక్క ఉదుటున పిల్లలిద్దర్నీ పొట్ట కిందకి లాక్కుంది. ముళ్ళు లేపబోయింది. లేవలేదు. అన్నాళ్ళు అణిచిపెట్టిన ముళ్ళు వీపుకి అతుక్కుపోయినట్టున్నాయి.

"ముసురు ఇంకా వెళ్ళలేదు దొరా" అంది.

"వెళ్ళలేదు. ఎవరు పాటిస్తున్నారు గనక? నీకు ఇద్దరున్నారు పుల్లమ్మా. నాకు ఒకటి చాలు. కొంచెం అడ్జస్ట్ అవ్వు" అంది చిరుత.

పుల్లమ్మ వెనక్కి తిరిగి గదిలోకి చూసింది. తన దుంపలు తిన్నవాళ్ళు, తన పరుపు మీద పడుకున్నవాళ్ళు ఏదో ఒకటి చేస్తారనుకుంది. మూడు నోళ్ళున్నాయి, మూడు జతల గోళ్ళున్నాయి. కనీసం గట్టిగా అరిచినా సగం ధైర్యం వచ్చేది.

జంబులింగం ముందుకొచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు.

"వదినా, ఆవేశపడకు. పెద్దమనిషి నోరు తెరిచి అడుగుతున్నాడు. కాదంటే గది దాకా వస్తాడు, అందరం పోతాం. ఒక్కళ్ళనే కదా అడిగాడు. నీకు ఇంకొకళ్ళు మిగులుతారు. మళ్ళీ ఏడాదికి ఇంకా పుడతారు. ఎంతమంది కోసం ఎన్నిసార్లు అడ్జస్ట్ అయ్యావు, ఈ ఒక్కసారి అవ్వలేవా?"

సుగంధరావు తలూపాడు. చిన్నదాన్ని ఇస్తే సరిపోతుందేమో, అది ఎలాగూ బలహీనంగా ఉంది అన్నాడు. పట్టాభి నేల చూస్తూ ఉండిపోయాడు.

పొట్ట కింద పింజ వణుకుతోంది. ఆ వణుకు పుల్లమ్మ ఒంటికి తెలుస్తోంది. గోగు చెల్లెలి చెవులు మూశాడు, ఆ మాటలు వినపడకుండా.

అప్పుడు పుల్లమ్మ ఇన్నాళ్ళూ సిగ్గుపడి అడగనిది అడిగింది.

"జంబులింగం, ఆ మాటకి అర్థం ఏంటి?"

"ఇప్పుడా వదినా అడిగేది?"

"ఇప్పుడే. చెప్పు."

వాడు నీళ్ళు నమిలాడు. పరిస్థితిని బట్టి నడుచుకోవడం అన్నాడు. నలుగురి మంచి కోసం తగ్గడం అన్నాడు. పెద్ద మనసు అన్నాడు.

"మంచిదే. నువ్వెప్పుడైనా అయ్యావా?" అంది పుల్లమ్మ.

జంబులింగం నోరు తెరిచాడు. వాడి జన్మలో మొదటిసారి ఆ నోట్లోంచి మాట రాలేదు.

"పరుపు నాది, దుంపలు నావి, తడిసింది నా పిల్లలు, అణిగింది నా ముళ్ళు. ఇప్పుడు కూతురు కూడా నాదే. ప్రతిసారీ నేనే ఎందుకయ్యాను?" అంది ఆవిడ.

అడుగుతుండగానే ఆవిడకి తెలిసిపోయింది. వాళ్ళకి కావాల్సింది తన మంచితనం కాదు, తన చోటు. ఇన్నాళ్ళూ మంచిదాన్ని అనిపించుకోవడం కోసం తన బిడ్డల్ని గుమ్మంలోకి నెట్టింది ఎవరో కాదు, తనే. ఆ సంగతి తెలిసేసరికి ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, కాళ్ళ గోళ్ళ దగ్గర మొదలై వీపు దాకా పాకిన కోపం.

ఒక ముల్లు లేచింది. దాని పక్కది లేచింది. పట్టేసిన కండలు పీకుతుంటే పళ్ళు బిగించింది. తర్వాత అన్నీ ఒక్కసారిగా గలగలమంటూ లేచి నిలబడ్డాయి. ఇరుకు నడవ ఆ చివర నుంచి ఈ చివరిదాకా ముళ్ళతో నిండిపోయింది.

చిరుత అప్పటికే పంజా లోపలికి పెట్టింది. పుల్లమ్మ పిల్లల్ని గదివైపు తోసి, వీపు గుమ్మంవైపు తిప్పి, వెనక్కి ఒక్క దూకు దూకింది. ముళ్ళపంది వెనక్కి వస్తోందంటే ఎంతటివాడైనా పక్కకి తప్పుకోవాల్సిందే. చిరుతకి ఆ తీరిక దొరకలేదు. పంజాలో గుప్పెడు ముళ్ళు దిగాయి. ముక్కు మీద ఇంకో రెండు. అది పెట్టిన కేకకి గుట్ట మీది పిట్టలన్నీ లేచాయి. కుంటుకుంటూ, మొహం నేలకి రాసుకుంటూ, వాగు దాకా వెళ్ళి అక్కడ కూలబడింది.

ఇంట్లో ముందు తేరుకున్నది జంబులింగమే. శభాష్ వదినా, నేను అన్నది నీకు పౌరుషం రావాలనే, లేకపోతే నువ్వు లేస్తావా అన్నాడు. చూశారా వాడి నోరు.

పుల్లమ్మ పిల్లల్ని నడవలో ఉంచి, వీపు గదివైపు తిప్పింది. ఒక్కో అడుగే వెనక్కి వెయ్యడం మొదలుపెట్టింది. ముళ్ళు గలగలమంటున్నాయి. గది చిన్నది. అతిథులు గోడకి అంటుకుపోయారు.

"బయట వాన పడుతోంది వదినా" అన్నాడు జంబులింగం.

"అవును" అంది పుల్లమ్మ. ఇంకో అడుగు వెనక్కి వేసింది.

సుగంధరావు భయంతో ఒక వాసన వదిలి, ఆ వాసన తనే భరించలేక, దొడ్డిదారిన దూకేశాడు. జంబులింగం ఇంకా ఏదో చెప్పబోయాడు. ఒక ముల్లు వాడి పిర్రని పలకరించింది. మొన్నటిదాని పక్కనే. వాడూ దూకాడు. దొడ్డిదారి అవతల వాలంతా బురద. కాలు పెడితే ఆగేది కాదు. అలా జారుకుంటూ, జారుకుంటూ వెళ్ళి నేరుగా వాగు ఒడ్డున పడ్డాడు.

అక్కడ ఎవరున్నారో మీకు తెలుసు. జంబులింగం లేచి చేతులు జోడించి చాలా చెప్పాడట. ఆ మంత్రం కూడా వాడాడట. చిరుత కడుపు కాలుతోంది, ముక్కు మండుతోంది. దాని దగ్గర ఏ భాష మాటా పనిచెయ్యలేదు. నక్క చచ్చిపోయిందా అని మొహాలు అలా పెట్టకండి. బతికే ఉంది. కాకపోతే అక్కణ్ణించి తోక లేకుండా వచ్చింది.

ఇక ఉడుము మిగిలాడు. పట్టాభి గోడ పట్టుకున్నాడంటే ముళ్ళు కాదు, ఏనుగు లాగినా ఊడి రాడు. పుల్లమ్మ వాడివైపు తిరిగింది. బాబాయ్, నువ్వు కూడా వెళ్ళు అంది.

పట్టాభి తనంతట తనే గోడ వదిలేశాడు. నేల మీదకి దిగి, తల వంచుకుని నిలబడ్డాడు.

"నాకు చిరుత అంటే భయం అమ్మాయ్. అంతకన్నా నలుగురిలో నోరు విప్పాలంటే భయం. అందుకే ఊరుకున్నాను. తప్పే. గదిలో నాకొద్దు. గుమ్మం దగ్గర పడుకుంటాను, జల్లు నా మీద పడితే లోపలికి రాదు. ఎవడైనా వస్తే ముందు నన్ను తొక్కాలి, ఆ చప్పుడికి నువ్వు లేవచ్చు" అన్నాడు.

పుల్లమ్మ గుమ్మం దగ్గరైతే సరే అంది. అంతకన్నా మెత్తగా మాట్లాడటం ఆవిడకి ఆ పూట చేతకాలేదు.

తర్వాత ఆవిడ తడిసిన ఆకులన్నీ బయటికి నెట్టేసింది. పిల్లల్ని గదిలోకి తెచ్చుకుంది. మధ్యలో వాళ్ళిద్దర్నీ పడుకోబెట్టి, తను అలవాటు కొద్దీ గోడ వారగా ఒక మూలకి ఒదిగి, ముళ్ళు దగ్గరకి తీసుకోబోయింది.

పింజ లేచి కూర్చుంది. అన్నని ఒక పక్కకి లాగింది. తనూ అటే జరిగింది. ఇప్పుడు గది మధ్యలో తల్లికి సరిపడా చోటుంది.

"నువ్వు కాళ్ళు చాపుకో అమ్మా. నేను జరుగుతాను" అంది.

పుల్లమ్మ గది మధ్యకి వచ్చి కాళ్ళు చాపి పడుకుంది. పిల్లలకి తగలకుండా ముళ్ళు ఆవలివైపుకి తిప్పుకుంది. ఈసారి వీపు లాగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా, పిల్ల మీద చెయ్యి వేసి నిద్రపోయింది.

నీతి: "నేను జరుగుతాను" అన్నవాళ్ళకి ఇంట్లో సగం ఇచ్చినా నష్టం లేదు. "నువ్వు జరుగు" అని మాత్రమే తెలిసినవాళ్ళకి, ఎంత తియ్యటి మాటతో అడిగినా సరే, ముందు మీ ముళ్ళు చూపించండి. ఆ తర్వాత మీరు మంచివాళ్ళో కాదో వాళ్ళనే తేల్చుకోనివ్వండి.